చివరన వేయమన్న ఓటు

ఖరిదా రైల్వే పేటలో మా సందు పాయిఖానాలు శుభ్రం చేసే తాత ఏదిచ్చినా దోసిలి పట్టి పుచ్చుకునేవాడు. మా అమ్మ మూరెడు ఎత్తునుంచి అన్నం జారవిడిచేది. ఒక్క మెతుకు కింద పడేది కాదు. ఇద్దరికీ అంత అభ్యాసం.

అరవైల్లో ఒక ఎన్నికకు, రైల్వే గుమస్తానని, నన్ను ఓటర్ల వేళ్ళకు సిరా రాసే పనికి వేశారు. ఉతికిన చొక్కా తొడుక్కుని అందరికంటే ముందు తాత వచ్చాడు. పేరడక్కుండానే వేలు చూపమంటే దోసిలి పట్టాడు. నేనూ అలవాటుకొద్దీ సిరా పుల్ల పైకెత్తి చుక్క వదిలాను. అరచేతిలో పడింది.

"వేలు పట్టుకుని గోటిమీద రాయాలి" అన్నాడు ఆఫీసరు. నేను పట్టుకోలేదు. బి.ఎ.లో పౌరశాస్త్రానికి మొదటి మార్కు నాదే.

"పుల్లిటియ్యండి బాబూ, నానే రాసేసుకుంతాను" అన్నాడు తాత.

"ఏటీ, నువ్వు ముట్టుకున్న పుల్ల మాకూనా?" వరసలో వెనకనుంచి రైల్వే ఫిట్టరొకడు కేకేశాడు.

"ఠీక్ హై, చివరన వెయ్యనీ" అని ఆఫీసరు తేల్చేశాడు.

తాత సాయంత్రందాకా ఎండలో నించున్నాడు. అందరూ వెళ్ళాక పిలిచి పేరడిగాను. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. జాబితాలో ఆ పేరు పక్కన అప్పటికే గీత ఉంది. ఎవరో ఆ పేరు చెప్పి ఓటేసి పోయారు.

"మరి నాకు సిరా పడిపోనాది కద బాబూ?" అన్నాడు తాత, అరచెయ్యి చూపిస్తూ.

ఆ వచ్చినవాడెవడో గాని, వాడి వేలు నేనే పట్టుకుని జాగ్రత్తగా రాశాను.