ఇస్త్రీ అక్క ఏరిన మాట

ఆ హోటల్ లాండ్రీలో అరవై తెల్ల దుప్పట్లు ఒక్క పూటలో గులాబీ రంగుకు తిరిగిన సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ పని చేసింది ఇస్త్రీ అక్క. అప్పటికి ఆమెకింకా ఆ పేరు రాలేదు. చేరి పదకొండు రోజులైన కొత్త మనిషి, మిషన్లలో బట్టలు వేసే పని. పై అంతస్తు నుంచి ఎవరో అతిథి ఒక ఎర్ర తువ్వాలు పంపుతూ దానికో చీటీ గుచ్చారు. దాని మీద మూడే ముక్కలు: దిస్ విల్ రన్.

ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. రన్ అంటే పరుగెత్తడమని తెలుసు. తువ్వాలు పరుగెత్తడమేమిటని ఒక్క క్షణం ఆగింది కూడా. అంతలో పొద్దున సూపర్‌వైజర్ అన్న మాట గుర్తొచ్చింది, "మూడో మిషన్ ఇవాళ బాగా రన్ అవుతోంది" అని. ఓహో, మిషన్లో వేసినా ఏం కాదని రాశారు కాబోలు, ఎంత మంచివాళ్ళో అనుకుంటూ ఆ తువ్వాలును దుప్పట్ల మధ్యలోకి తోసి తలుపు బిగించింది.

తలుపు తీసేసరికి సూపర్‌వైజర్ వెనకాలే నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని ఈల సారు అనేవాళ్ళు. ఆ రోజు ఈల సగంలో ఆగిపోయింది.

"చీటీ చదవడం రాదా నీకు?"

"చదివాను సార్. చదివే వేశాను."

"రన్ అంటే రంగు దిగుతుందని తల్లీ! వెయ్యొద్దని!"

"మరి మూడో మిషన్ రన్ అవుతోందన్నారు కదా సార్, దానికేం దిగింది?"

ఆమె ఎదురు చెప్పాలని అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఈల సారు గులాబీ దుప్పటి ఒకటి పైకెత్తి పట్టుకున్నాడు. "నువ్వు మిషన్ల జోలికి రాకు, ఆ ఇస్త్రీ బల్ల దగ్గరికి పో" అన్నాడు. అలా ఆమె ఇస్త్రీ అక్క అయింది.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. సిటీ బస్సు డ్రైవర్ ఆయన.

"ఏవండీ, రన్ అంటే ఏంటి?"

"రన్ అంటే ట్రిప్పు. ఇవాళ ఎనిమిది రన్‌లు కొట్టాను, నడుం పడిపోయింది."

పొద్దుటి నుంచి ఇది మూడోది. మర్నాడు రిసెప్షన్‌లో అమ్మాయి చేతిరుమాలు పెట్టుకుని, ముక్కు రన్ అవుతోందని సెలవు అడిగింది. ముక్కు ఉన్నచోటే ఉంది. ఆ మర్నాడు మేనేజరు గారు ఎవరితోనో ఫోన్లో, ఇరవై ఏళ్ళుగా హోటల్ రన్ చేస్తున్నానన్నారు. ఆయన కుర్చీలోంచి లేవడమే ఎవరూ చూడలేదు. ఇస్త్రీ అక్కకి భయంలాంటి ఆశ్చర్యం వేసింది. రోజూ చూసే పొరుగింటాయనకి ఊరంతా కాపురాలున్నాయని తెలిసినట్టుంది ఆమెకు. బట్టలకు గుచ్చే కాగితపు చీటీల చుట్టలో చివర మిగిలే ముక్కలు చింపి, ఒక్కో వాడుక ఒక్కో చీటీ మీద రాసుకుంది. విన్న వాక్యాన్ని తెలుగు అక్షరాల్లోనే రాసి, కింద ఎవరన్నారో, ఎప్పుడన్నారో రాసేది. ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేసి అలమరలో పెట్టేది.

అత్తగారు అది చూసి ఊరుకుంటుందా? "చదువుకోమన్నప్పుడు మానేసి, ఇప్పుడీ పరుగులేంటే కోడలా! ఆ డబ్బాలో బిస్కెట్లున్నప్పుడే నయం, ఇంటిల్లిపాదీ తినేవాళ్ళం."

ఏళ్ళు గడిచాయి. డబ్బా నిండి రెండో డబ్బా వచ్చింది. అత్తగారికి షుగర్ అని తేలిన రోజున డాక్టరమ్మ, ఇది మీ కుటుంబంలో రన్ అవుతుందా అని అడిగింది. ఆ దిగుల్లో కూడా ఇస్త్రీ అక్క చెయ్యి సంచిలో పెన్ను కోసం వెతికింది. తర్వాత సిగ్గుపడింది గానీ, రాయడం మాత్రం రాసింది. హోటల్ ఉద్యోగుల సంఘానికి ఎన్నికలు పెట్టినప్పుడు వంటవాడొకడు పోటీ చేస్తానన్నాడు. నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో అతను రన్ చేస్తున్నట్టు ఉంది. ఇస్త్రీ అక్క బల్ల దగ్గర పడీ పడీ నవ్వింది. "చూశారా సార్, మనం నిలబడతాం. వాళ్ళు పరిగెడతారు. పోటీ ఒక్కటే!" అంది. ఈల సారు తనూ నవ్వి, ఆ రోజు నుంచి తనకు ఎక్కడ ఏ రన్ వినబడినా వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. సినిమా హాల్లో బొమ్మ వంద రోజులు రన్ అయిందని వాళ్ళంటే, ఆడిందని మనం అంటాం. సబ్బు అయిపోతే వాళ్ళు రన్ అవుట్. దారిలో పాత స్నేహితుడు ఎదురైనా వాళ్ళకి రన్నే, కారు కింద కుక్కపిల్ల పడినా రన్నే. ఒకే మాట, ఒక చోట సంతోషం, ఒక చోట ప్రాణం పోవడం. మధ్యలో ఉన్నదల్లా చిన్న తోకమాట, ఒక చోట ఇంటూ, ఒక చోట ఓవర్. ఆ రెండు చీటీలనూ ఆమె ఒకే గుండుసూదితో కలిపి గుచ్చింది.

ఒక్క చీటీ మాత్రం ఆమెకి కొరుకుడు పడలేదు. ఎవరో అతిథి దారి అడుగుతుంటే గుమాస్తా చెప్పిన ముక్క అది: గోడ రెండు మైళ్ళు రన్ అవుతుంది. ముక్కులో నీళ్ళు కారతాయి, మిషన్ తిరుగుతుంది, హోటల్ నడుస్తుంది. వాటన్నిటిలో ఏదో ఒక కదలిక ఉంది. గోడకేముంది? రాయి మీద రాయి. ఆ చీటీని వేరుగా తీసి కిటికీ సందులో గుచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భర్త నడిపే బస్సులోనే, ఆయన వెనక సీట్లో కూర్చుని చెల్లెలింటికి వెళ్తోంది. బస్సు మిల్లు పక్క రోడ్డు ఎక్కింది. కిటికీలోంచి చూస్తే బూడిద రంగు ప్రహరీ గోడ. ఒక చెట్టు నీడ, ఒక పగులు, చింపేసిన పోస్టరు, మళ్ళీ పగులు. అన్నీ వెనక్కి, వెనక్కి. గోడ పరిగెడుతోంది! బస్సుతో పందెం కాసినట్టు, ఆయాసం లేకుండా, చివరి మూల దాకా పరిగెత్తి అక్కడ టక్కున ఆగిపోయింది. ఇస్త్రీ అక్క కిటికీలోంచి మెడ తిప్పి వెనక్కి చూసింది. పరుగు గోడది కాదు, చూసే కంటిది. ఎవరో ఎప్పుడో ఒక గోడ పక్కన పోతూ, తన చూపు పరుగును గోడకి అంటగట్టి ఉంటారు. ఆ మనిషి పోయి ఎన్నాళ్ళయిందో. వాళ్ళ చూపు మాత్రం మాటలో ఉండిపోయింది, ఇవాళ తన కంట్లోకి వచ్చింది.

"దిగవా? మీ చెల్లి వాళ్ళ స్టాపు దాటిపోతోంది" అన్నాడు భర్త అద్దంలోంచి చూస్తూ.

"ఇంకొక్కసారి ఆ గోడ పక్కన తిప్పండి" అంది ఆమె. బస్సంతా నవ్వింది.

ఆమె పనిలో చేరిన పధ్నాలుగో ఏట ఒక సంగతి జరిగింది. హోటల్లో నిఘంటువులు చేసేవాళ్ళ సమావేశం పెట్టారు, అయిదు రోజులు. మొదటి రోజే ఒక పాత నూలు కోటు ఇస్త్రీకి వచ్చింది. జేబులు చూడకుండా ఇస్త్రీ చేయకూడదు, అది లాండ్రీ నియమం. ఎడమ జేబులో చెయ్యి పెడితే అట్టముక్క తగిలింది. పైకి తీసి చూసింది. మూలన ఇంగ్లీషులో ఒకే మాట. రన్. దాని కింద వాక్యం, వాక్యం కింద తారీకు.

ఇస్త్రీ అక్క స్టూలు లాక్కుని కూర్చుని, మళ్ళీ చదివింది. పధ్నాలుగేళ్ళుగా ఇది తనకొక్కతికే పట్టిన పిచ్చి అనుకుంది. ప్రపంచంలో ఇంకెక్కడో ఇంకొకరు అచ్చం తనలాగే, మాట పైన, వాక్యం కింద, తారీకు దాని కింద రాసుకుంటున్నారు! కోటు మడతపెట్టి, ఆ అట్టముక్కను పైన గుచ్చి, పక్కనే తన చీటీ ఇంకోటి గుచ్చింది. "నా దగ్గర కూడా ఉన్నాయి. కింద లాండ్రీలో ఉంటాను."

గంటలోపల లాండ్రీ తలుపు దగ్గర ఆ కోటు పంపిన పెద్దావిడ ప్రత్యక్షమైంది. తెల్లజుట్టు, చేతికర్ర, ఆవిరికి మసకబారిన కళ్ళజోడు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఇంగ్లీషు నుంచి తెలుగుకు నిఘంటువు చేస్తున్న ఆవిడ. "ఎవరమ్మా ఈ చీటీ రాసింది?" అంటూనే లోపలికి వచ్చేసింది.

మర్నాడు ఇస్త్రీ అక్క రెండు డబ్బాలూ మోసుకొచ్చింది. భోజన విరామంలో ఇస్త్రీ బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, చీటీలన్నీ వరుసగా పేర్చింది. మూడు వందల పన్నెండు. బల్ల చాలక పక్క బల్ల మీదికి పాకాయి. పెద్దావిడ కర్ర గోడకి ఆనించి, ఒక్కో చీటీ ముందూ వంగి, చదివి, జరిగి, మళ్ళీ వంగి, ఒక చివర నుంచి ఇంకో చివరకు వచ్చేసరికి విరామం కాస్తా దాటిపోయింది. ఈల సారు గడియారం చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

"ఇవన్నీ నువ్వు చెవులతో విన్నవేనా?"

"అవునమ్మగారూ. పుస్తకాల్లోవి నాకెలా తెలుస్తాయి? ఇంకా ఎన్నున్నాయంటారు?"

"ఇంగ్లీషు వాళ్ళ పెద్ద నిఘంటువులో ఈ ఒక్క క్రియకే ఆరు వందల పైచిలుకు అర్థాలు. ఈ మాట ఒక్కదాని కోసమే ఒకాయన తొమ్మిది నెలలు కూర్చున్నాడట."

"తొమ్మిది నెలలా! బిడ్డని కన్నంత సేపు." ఇస్త్రీ అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆరు వందలు. తనకు తెలిసిన మూడు వందల వెనకాల చీకట్లో ఇంకో మూడు వందలు నిలబడి ఉన్నాయన్నమాట. తను విననే లేదు, వాటికి తనెవరో తెలియదు.

పెద్దావిడ సంచిలోంచి తన కాగితాలు తీసింది. "అర్థాలు తెలుసుకోవడం ఒక ఎత్తు. వాటికి తెలుగు మాట పెట్టడం ఇంకో ఎత్తు. ఇదిగో, బట్ట రంగు రన్ అవడానికి వర్ణము వ్యాపించుట అని రాశాను. నాకే నచ్చట్లేదు."

ఇస్త్రీ అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవరంటారమ్మగారూ అలా? నీళ్ళలో రంగు దిగుతుంది. పక్క బట్టకి అంటుకుంటుంది. ఉతికిన కొద్దీ వెలిసిపోతుంది. మూడూ మూడు రకాలు."

పెద్దావిడ రాసిన మాట కొట్టేసింది. "మరి చొక్కా మీద ఐరన్ రన్ చెయ్యమంటే?"

"పైపైన ఒకసారి పెట్టె లాగెయ్యమని."

"మేజోడులో రన్ వస్తే?"

"పోగు జారిందంటాం."

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నలభై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పాను. మన మాటలు ఎక్కడుంటాయో ఇవాళ తెలిసింది" అంది. మిగిలిన మూడు రోజులూ ఇద్దరికీ బల్ల దగ్గరే భోజనం.

ఆ తర్వాత ప్రతి వారం సెలవు రోజున ఇస్త్రీ అక్క పెద్దావిడ ఇంటికి వెళ్ళసాగింది. మొదటిసారి ఆ గది గుమ్మంలో నిలబడి లోపలికి అడుగు పెట్టలేకపోయింది. నేల నుంచి పైకప్పు దాకా చెక్క సొరుగులు, ఒక్కో సొరుగుకీ ఒక అక్షరం. సొరుగు లాగితే వేల చీటీలు, ఎవరెవరివో చేతిరాతలు. ఏ చీటీలో ఏ మనిషి గొంతుందో. చెప్పులు బయటే విడిచి, చేతులు కూడా కడుక్కుని వచ్చింది. పెద్దావిడ కిటికీ పక్కన ఆమెకొక కుర్చీ వేయించింది. పుస్తకం అచ్చవడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో ఆ కుర్చీ ఒక్క సెలవు రోజున కూడా ఖాళీగా లేదు. రన్ అన్న మాట పుస్తకంలో తొమ్మిది పేజీలు ఆక్రమించింది. వాటిలో ఇస్త్రీ అక్క చెప్పిన తెలుగు మాటలు నూట నలభై దాకా ఉన్నాయి. వాటి పక్కన పేరేమీ ఉండదు. నిఘంటువులో మాటలకు అలా ఉండవు.

అచ్చయిన పుస్తకం ఇంటికి తెచ్చుకున్న రోజున పెద్దావిడ ఒక ప్రశ్న కూడా ఇచ్చి పంపింది: "మన భాషలో ఇలా ఇన్ని ఇళ్ళు తిరిగే క్రియ ఏదన్నా ఉందేమో చూడు."

ఇస్త్రీ అక్క దారంతా ఆలోచించింది. ఏమీ తట్టలేదు. ఇంట్లో అత్తగారు మంచం మీద మోకాళ్ళు రాసుకుంటోంది.

"ఇంతసేపు పట్టిందేంటే? నాకు కాళ్ళు పట్టేశాయి. మబ్బు పట్టింది, ఆరేసిన బట్టలు తియ్యి. కుళాయి వచ్చే వేళయింది, నీళ్ళు పట్టు."

ఇస్త్రీ అక్క సంచి కింద పెట్టడం మరిచిపోయి నిలబడిపోయింది. "అత్తయ్యా, మళ్ళీ చెప్పండి."

"ఏం చెప్పను? చెవుడు పట్టిందా?"

"అదే, అదే! ఇంకా!"

కోడలికి ఏమయిందోనని అత్తగారు కంగారుపడింది. విషయం చెప్పాక మోకాళ్ళు రాసుకోవడం ఆపింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. నిద్ర పట్టడం. చెమట పట్టడం. తలుపు గొళ్ళానికి తుప్పు పట్టడం, గోడకి నాచు పట్టడం. గుడ్డకి రంగు పట్టడం. బిడ్డకి పాలు పట్టడం. గొడుగు పట్టడం. ఇంటి దారి పట్టడం. తప్పు పట్టడం, గుర్తు పట్టడం. పని కోసం కాళ్ళు పట్టుకోవడం వేరు, నొప్పికి కాళ్ళు పట్టడం వేరు. నాకేం పట్టిందని ఊరుకోవడం. అక్షరం ముక్క రాని మనిషి, బడి గడప తొక్కని మనిషి. డెబ్బై ఆరేళ్ళుగా ఏ సొరుగూ లేకుండా, ఏ చీటీ రాయకుండా ఇవన్నీ నోట్లోనే పెట్టుకుని తిరుగుతోంది. ఏ మాట ఎక్కడ వాడాలో ఒక్కసారీ తడబడలేదు. ఎవరూ ఆమెకి నేర్పనూ లేదు.

ఇస్త్రీ అక్క మంచం పక్కన నేల మీద కూర్చుంది. చేతిలో పెన్ను ఉంది గానీ రాయడం కుదరడం లేదు. అత్తగారి ముడతలు పడ్డ పెదాల వైపు చూస్తూ ఉండిపోయింది.

"రాసుకోవేంటే?" అంది అత్తగారు. "ఇంకా చాలా ఉన్నాయి. మా అమ్మ అయితే ఇంకా బోలెడు చెప్పేది."