ఆటోమేటిక్ స్టార్టర్లు

దొర్నిపాడు దగ్గర మా మిరపచేను చుట్టూ అన్నీ బోర్లే. కింద నీళ్లు కొంచెమే. కరెంటు రాగానే ఎవరి మోటారు ముందు తిరిగితే నీళ్లు వాళ్లవి. అందుకని అందరూ, మనిషి లేకున్నా మోటారు దానంతటదే తిరిగేలా ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. మోటార్లన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెట్టేసరికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పైర్లు వాడుతుంటే, అందరూ కలిసి దాన్ని ట్రాక్టర్లో ఆళ్లగడ్డకు తీసుకుపోయి బాగుచేయించారు.

తిరిగొచ్చేటప్పుడు పక్కచేను ఆయన, "ఇంగ ఆ ఆటోమేటిక్‌లు పీకేద్దామన్నా," అన్నాడు.

"పీకేద్దాం లేప్పా," అన్నాడు నాయన.

ఇంట్లో అడిగాను. "ఎప్పుడు పీకుతాండావ్ నాయనా?"

"వాళ్లు పీకినాక."

నాకు ఒళ్లు మండింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

పొద్దున కరెంటు వచ్చింది. మోటార్లన్నీ మళ్లీ ఒక్కసారే మోగాయి. కాలు నిలవక చేనికి పరిగెత్తాను. ట్రాన్స్‌ఫార్మర్ వైపు కాదు, నీళ్లొస్తున్నాయా అని ముందు మా పైపు వైపే చూశాను.