గేటు మీద ఎర్ర తువ్వాల

హోంవర్క్ చేస్తూ మా బిడ్డ "టెంపరమెంటల్ అంటే ఏంది డాడీ?" అని అడిగింది. "ఘడియకో తీరుగ ఉండే మనిషి" అని చెప్పిన. సొంత వాక్యం సుత చెప్పమంటే మా నాన్న యాదికొచ్చిండు.

లాలాగూడ రైల్వే క్వార్టర్స్ దోస్తులూ, మా గేటు మీది తువ్వాల యాదున్నదా? నాన్న కోపంగ ఉంటే అమ్మ ఎర్రది ఆరేసేది, మంచిగుంటే పచ్చది. ఎర్రది కనిపిస్తే మేం ఆడుకునొచ్చి, చప్పుడు చేయకుండ వెనక తలుపు నుంచి ఇంట్లకు పోయేటోళ్లం. నాన్నకు ఈ సంగతి తెల్వదనుకున్నం.

ఒకరోజు అమ్మకే కోపమొచ్చి ఎర్రది ఆరేసింది. డ్యూటీ దిగొచ్చిన నాన్న గేటు కాడ సైకిల్ ఆపి, తువ్వాల చూసి, వెనక తలుపు నుంచి మెల్లగ లోపలికొచ్చిండు.

"ఇయ్యాల మీ అమ్మనా?" అని నా చెవిల అడిగిండు.