అన్నం మానేస్తే అలిగినట్టేనట

బొడ్డు దగ్గర ఉబ్బిన హెర్నియాకు ఆపరేషన్ చెయ్యాలంటే ముందు నా పొట్ట తగ్గాలన్నాడు నారాయణగూడ డాక్టరు. లేకపోతే కుట్లు నిలవవట. అన్నం, చక్కెర, బంగాళాదుంప మానేసి కూరలు, గుడ్లు, మజ్జిగ తీసుకోమన్నాడు. నీళ్ళ బిందె ఎత్తితే ప్రాణం పోతున్నంత నొప్పి కాబట్టి సరేనన్నాను. గుడ్ల మాట మాత్రం అత్తగారి దగ్గర ఎత్తలేదు.

అప్పట్లో చిక్కడపల్లిలో ఓ ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. మాది గోదావరి వైపు. మా ఇళ్ళల్లో ఆడది అన్నం ముట్టలేదంటే అలిగిందనే అర్థం. డాక్టరు, బరువు, హెర్నియా అని నేనెంత మొత్తుకున్నా అవన్నీ సాకులే.

అత్తగారు మా ఆయన్ని నిలదీశారు.

"ఏమన్నావురా దాన్ని?"

"నేనేమీ అనలేదమ్మా."

"అనకపోతే అన్నమెందుకు మానేస్తుంది? ఓ మంచి చీర కొనిపెట్టు."

చీర వచ్చింది. నేను వద్దనలేదు.

మొదట్లో తలనొప్పి, మలబద్ధకం, నోటి వాసన. పిక్కలు పట్టేసేవి. చిరాకు కూడా రావచ్చని డాక్టరు హెచ్చరించాడు గాని, నాలో అది కొత్తగా వచ్చిందని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మాకు వాటా అద్దెకిచ్చిన ఇంటావిడ తెలంగాణ మనిషి. ఓ పొద్దున పళ్ళెంలో బియ్యప్పిండి రొట్టె పట్టుకుని వచ్చింది.

"ఏందమ్మా, నువ్వు గూడ నిరాహార దీక్షనా? సారు ఏమన్న అన్నడా?"

"లేదక్కా, డాక్టరే మానమన్నాడు."

"మా ఆడబిడ్డ గూడ గట్లనే చెప్పింది, నెలకు పుట్టింటికి పోయింది. జర ఈ సర్వపిండి తిను. అన్నం గాదు గద."

వద్దంటే పోరు ఇంకా చల్లారలేదని లెక్క. మా ఆయన పరువు కోసం తిన్నాను. అన్నం కాదు కదా అని అత్తగారు ఉప్మా, అట్లు. అశోక్‌నగర్ నుంచి రాజీకి వచ్చిన పిన్నత్తగారు బొబ్బట్లు.

డాక్టరు బరువు చూసి ఆపరేషన్ వాయిదా వేశాడు.

"పెరిగారే. ఏం తింటున్నారు?"

చెప్పాను.

"అన్నీ బియ్యం, పిండి, బెల్లమే కదమ్మా."

"నాకు తెలుసండీ. మా వీధికి చెప్పండి."

ఆయన వచ్చి చెప్పేలా లేడు. మర్నాటి నుంచి, అందరూ నీళ్ళు పట్టుకునే వేళకు నల్లా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. కంచం నిండా బీరకాయ కూర, దాని పక్కన అందరికీ కనబడేలా పిడికెడన్నం. తీరిగ్గా నమిలాను.

"కలిసిన్రా?" అంది ఇంటావిడ బకెట్టు నింపుకుంటూ.

"కలిశామక్కా."

టిఫిన్లు ఆగాయి. మరో చీరా రాలేదు. పొట్ట మాత్రం మెల్లగా తగ్గింది, ఆపరేషనూ అయింది. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన అత్తగారు డాక్టరును అడుగుతున్నారు.

"అన్నం ఎప్పుడు పెట్టమంటారు బాబూ?"

"ఇవాళ ఏమీ తినకూడదండీ."

అత్తగారు కొడుకు వైపు తిరిగారు.

"మళ్ళీ ఏమన్నావురా?"