రేకులకూ కమ్మలకూ మధ్య జానెడు సందు

ఇప్పుడు మా ఊళ్లో ఎండ ముదిరితే కూలర్ కొనుక్కుంటారు. అవి లేని రోజుల్లో సిమెంటు రేకుల క్వార్టర్లలో పగటిపూట మనుషులు ఎలా నిద్రపోయారో ఎవరూ రాసిపెట్టలేదు. నేను చదువు నేర్చుకున్న గ్రంథాలయంలో బొగ్గు గురించి పుస్తకాలున్నాయి, బొగ్గు తవ్వినవాడి నిద్ర గురించి ఒక్కటీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. బావ బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఆ ఎండాకాలం ఆయనకు రాత్రి షిఫ్టు పడింది. పొద్దున వచ్చి స్నానం చేసి, గంజి తాగి పడుకుంటే, కాసేపటికే రేకులు పెనంలా కాగేవి. తడిపిన గోనెసంచి కప్పుకున్నా నిద్ర పట్టేది కాదు. ఒకనాడు ఆయన జోడీ పనివాడు వచ్చి, బావ బాయిలో నిలబడే కునికాడని అక్కకు చెప్పాడు. ఆ కప్పు కింద కునికితే ఏమవుతుందో అక్కకు తెలుసు. కాళ్ల కడియాలు తీసి నా ముందు పెట్టింది.

“ఇవి అమ్మి టేబుల్ ఫ్యాను తేపో తమ్మీ. నాకు మనిషి గావాలె.”

అమ్మే ముందు చూద్దామని పక్కింటి గుమాస్తాను అడిగి ఒక మధ్యాహ్నం వాళ్ల ఫ్యాను తెచ్చి పెట్టాను. అది వడగాలే కొట్టింది.

“ఇది ఫ్యానా, కొలిమి తిత్తా?” అంటూ బావ లేచి కూర్చున్నాడు.

అప్పుడు నేను గ్రంథాలయంలో ఇళ్ల కట్టుబడి మీద ఒక పుస్తకం చదువుతున్నాను. ఇంట్లోకొచ్చిన వేడిని తరమడం కష్టం, ఎండ కప్పును తాకకముందే నీడ పట్టాలి అని అందులో ఉంది. అన్నం తింటూ కాస్త గర్వంగానే చెప్పాను.

“గా పుస్తకాన్ని ఒక్క షిఫ్టు బాయిల దింపుదామా, బామ్మర్దీ?” అని నవ్వాడు బావ. కానీ కాదనలేదు.

రామగిరి వైపు నుంచి ఎడ్లబండి మీద తాటికమ్మలు తెప్పించాం. సెలవునాడు బావ, జోడీ పనివాడు కలిసి ఇంటి చుట్టూ గుంజలు పాతి, పైన వెదుళ్లు వేసి కమ్మలు పరిచారు. రేకులకూ కమ్మలకూ మధ్య గాలి ఆడాలని నేను చెబుతూనే ఉన్నాను. బావ చేతులు మాత్రం బాయిలో చేసినట్టే చేశాయి. పందిరిని రేకులకు అదిమి, సందున్న చోటల్లా చెక్కలు దిగ్గొట్టి, చివరికి బాయి కప్పు గట్టిదో కాదో చూసినట్టు కర్రతో తట్టి చప్పుడు విన్నాడు. మర్నాడు లోపల వేడి కొంచెం తగ్గిందంతే. కమ్మలు కాగి ఆ వేడి రేకులకే అంటింది. బావకు కన్ను మూతపడలేదు.

“సందు వదలాలె బావా. గాలి పోతె వేడి గుంజుకపోతది.”

“నీ తలకాయ! కప్పు కింద సందు వదిలినోడు బతికి బయటికొస్తడా?”

అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. “గిది బాయి గాదు. గీ పందిరి మీద ఆకాశమే ఉన్నది, అది కూలది. ఆడ నువ్వు కునికితె కూలేదేందో జెర సోచాయించు.”

బావ సుత్తి తీసుకుని తను దిగ్గొట్టిన చెక్కలన్నీ తనే ఊడగొట్టాడు. గుంజలకు ఎత్తు పెంచి పందిరిని రేకుల పైన జానెడు లేపాడు. పడమటి గోడకు కూడా కాస్త ఎడంగా తడక కట్టాడు. కింద పడుకున్నాక కూడా చాలాసేపు పైకే చూస్తూ ఉన్నాడు.

మర్నాటి మధ్యాహ్నం లోపలి నుంచి గురక వినిపించింది. అక్క గడపలో కూర్చుంది. ఐసు అమ్మే అతను గంట కొడుతూ మా వరుసలోకి వస్తే ఎదురెళ్లింది.

“అన్నా, గంట ఆపే. మా మనిషి పండిండు.”

సాయంత్రం దాకా బావ లేవలేదు. ఆ రాత్రి డ్యూటీకి కళ్లు తేటగా వెళ్లాడు. తెల్లారి జోడీ పనివాడు మా వాకిట్లో ఆగి, “అక్కా, ఇయ్యాల నేనే కునికిన, బావ లేపిండు” అని చెప్పి పోయాడు.

పేర్లు రాస్తే వాళ్లకు నచ్చదు, వరసలతోనే తలుచుకుంటాను. గడువు దాటినా ఆ పుస్తకం నా దగ్గరే ఉంచిన గ్రంథాలయం పెద్దాయనకు, కమ్మలు తోలిన బండి కాకకు, మా కమ్మల మీదికి నిప్పురవ్వలు ఎగురుతాయని తమ బొగ్గుపొయ్యిలు దూరం జరుపుకున్న అటూ ఇటూ ఇళ్ల అక్కలకు, ఆ ఎండాకాలమంతా మా వరుసలో గంట కొట్టకుండానే ఐసు అమ్ముకున్న అన్నకు నా దండాలు.