అమీనా బాబాయి సన్మానం

మా కోర్టులో నేను నాజరుని. కోర్టు ఇచ్చే నోటీసులూ వారంట్లూ ఏ ఊరికి ఎవరు పట్టుకెళ్ళాలో పంచే సెక్షను నాది. కుర్చీలో కూర్చుని సంతకం పెట్టేస్తే నా పని అయిపోతుంది. ఆ కాగితం పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి, డిక్రీ పడినవాడి గుమ్మంలో నిలబడి, బండో ట్రాక్టరో జప్తు చేసుకొచ్చే పని అమీనాది. మా అమీనాని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను "అమ్మా" అనేవాడు, కోపం వస్తే మాత్రం "మేడమ్ గారూ" అనేవాడు. కోపం రావడం తక్కువే.

బాబాయి రిటైరయ్యే నెలలో మా జడ్జిగారు స్టాఫునంతా పిలిచారు. కొత్తగా వచ్చారు, మంచి మనిషి. "మన ఉద్యోగుల్ని మనమే గౌరవించుకోకపోతే ఇంకెవరు గౌరవిస్తారు? అట్లాగే కోర్టంటే జనానికి ఉన్న భయం కూడా పోవాలి" అన్నారు. ఆ నెల ఏదో ఒక ఊళ్ళో న్యాయ విజ్ఞాన సదస్సు ఎలాగూ పెట్టాలి. నా బుర్ర పాదరసంలా పనిచేసింది, అదే నా ఖర్మ. రెండూ కలిపేద్దాం సార్ అన్నాను. ఒకటే షామియానా, ఒకటే మైకు. సదస్సు చివర్లో ఆ ఊరి ఆడవాళ్ళ చేతే బాబాయికి శాలువా కప్పిద్దాం, జనమే కోర్టు ఉద్యోగిని గౌరవించినట్టు ఉంటుందన్నాను. జడ్జిగారు తెగ సంబరపడ్డారు. నేనేం చెప్పినా అడ్డం తగిలే సూపరింటెండెంటు కూడా ఆరోజు తలూపాడు. ఇక నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఊరు కూడా నేనే ఎంచాను. నకరికల్లు వైపు ఉంటుంది. అక్కడ హైస్కూలు ఆవరణ పెద్దది, పైగా "మనకు బాగా అలవాటైన ఊరు సార్" అన్నాను. నిజానికి నేను ఆ ఊళ్ళో ఎన్నడూ కాలుపెట్టలేదు. ఏళ్ళ తరబడి వారంట్ల మీద ఆ ఊరి పేరు చూసి చూసి, చుట్టాల ఊరంత దగ్గరైపోయింది నాకు. ఎందుకు అలవాటైందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది.

బాబాయికి చెబితే చేతిలో టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"వేరే ఊరేదన్నా చూడకూడదా అమ్మా?"

"దూరమనా? కారు పెట్టిస్తాలే బాబాయ్."

"దూరానికి కాదులే." గొంతు తగ్గించాడు. "ఇంట్లోవాళ్ళని గూడా తీసుకురావాల్నా?"

"తీసుకురాకపోతే ఎట్టా? పిన్నినీ, అమ్మాయినీ, అల్లుణ్ణీ అందర్నీ తీసుకురా."

"అది కాదమ్మా. మా అమ్మాయికి నేను కోర్టులో ఉద్యోగమనే తెలుసు. నోటీసులిచ్చే పననుకుంటది. జప్తులకు పోతానని ఎప్పుడూ చెప్పలా. నాన్న కోర్టులో పెద్దాయనని అత్తగారింట్లో గూడా చెప్పుకుంటది."

నేను పకపకా నవ్వాను. "నువ్వేమన్నా దొంగతనాలు చేశావా ఏంది బాబాయ్? గవర్నమెంటు డ్యూటీ చేశావు. నీకు సిగ్గెందుకు?" అన్నాను. ఆయన టీ గ్లాసు తీసుకుని బయటికి నడిచాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా లెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆరోజు బాబాయి ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పిన్ని పట్టుచీర కట్టింది. అమ్మాయీ అల్లుడూ వినుకొండ నుంచి పొద్దున్నే దిగారు. మేము వెళ్ళేసరికి షామియానా కింద డ్వాక్రా ఆడవాళ్ళు, రైతులు, పంచాయతీవాళ్ళు బాగానే కూర్చుని ఉన్నారు. మా పాంప్లెట్లతో విసురుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. మొదటి కారులోంచి జడ్జిగారు దిగారు, అందరూ లేచి దణ్ణాలు పెట్టారు. రెండో కారులోంచి బాబాయి దిగాడు.

ముందు వరసలో మాటలు ఆగిపోయాయి. వెనక కూర్చున్నవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు. కాసేపటికి రోడ్డు అవతల ఒక ట్రాక్టరు స్టార్టయి పొలాలవైపు వెళ్ళిపోయింది. దాని వెనక ఇంకొకటి. ఒకాయన కుర్చీలోంచి లేచి వెళ్ళి, ఇంటిముందున్న మోటారు సైకిలు దొడ్లోకి తోసి తలుపేసి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి కూర్చున్నాడు. జడ్జినే వెంటబెట్టుకుని అమీనా జప్తుకొచ్చాడని ఊరంతా పాకిందని తర్వాత పంచాయతీ గుమాస్తా చెప్పాడు. చూస్తుండగానే సగం కుర్చీలు ఖాళీ. మావాళ్ళు కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ముందు నాకూ నవ్వొచ్చింది. బాబాయి వైపు చూశాక పోయింది.

జడ్జిగారు చక్కగా మాట్లాడారు. పేదవాళ్ళకు ఉచితంగా వకీలును ఎట్లా పెడతారో, లోక్ అదాలత్‌లో రాజీ ఎట్లా పడొచ్చో చెప్పారు. ఏమైనా అడగండమ్మా, భయపడొద్దు అన్నారు. మూడో వరసలో ఒకావిడ లేచింది. యాభై దాటి ఉంటాయి. అరవలేదు, ఏడవలేదు, పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అయ్యా, ఆయనకు మేం శాలువా కప్పాలంట గదా. మా ఇంటాయన చేతిలో బండి తాళాలు తీసుకుంది ఆయనేనయ్యా. ఆరోజు మా పిల్లను చూసుకోటానికి పెళ్ళోళ్ళొచ్చి ఇంట్లో కూర్చోనుండారు. సాయంత్రం రావయ్యా అంటే ఇన్లా. వాళ్ళు కాఫీ తాగతా అంతా చూసి, గ్లాసులు ఆడబెట్టి ఎల్లిపోయినారు. ఇయ్యాల మేం ఆయనకు కప్పాల్నా?"

జడ్జిగారు ముందున్న కాగితాలు సర్దుకున్నారు. బాబాయే లేచి నిలబడ్డాడు. "నిజమేనమ్మా. వచ్చింది నేనే" అన్నాడు. అంతే అన్నాడు. ఆ వారంటు మీద ఆరోజు తేదీ వేసి, తప్పకుండా ఈరోజే అయిపోవాలని పంపింది ఈవిడేనని నావైపు చూపించొచ్చు. కనీసం నావైపు చూడనైనా లేదు.

మైకు నా చేతిలోనే ఉంది. సదస్సు నడిపించేది నేనే. పంపింది నేనమ్మా అని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను కూడా. తెరిస్తే వచ్చిన మాట ఇది: "ఇప్పుడు సన్మాన కార్యక్రమం. గ్రామ మహిళలు వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం."

ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాను. ఎందుకు పిలిచానో నాకే తెలియదు. కోర్టులో పార్టీలను పిలవడం విని విని వచ్చిన అలవాటు కాబోలు, రెండోసారి గొంతు ఇంకా పెంచి పిలిచాను. ఆడవాళ్ళంతా ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలచూపులు చూస్తున్నారు. పొద్దుటి నుంచి అన్నీ ఫోనులో వీడియో తీస్తున్న బాబాయి కూతురు ఫోను దించేసింది. అల్లుడు లేచి, ఎవరో ఫోను చేసినట్టు చెవి దగ్గర పెట్టుకుని స్కూలు గేటు బయటికి నడిచాడు. చివరికి నేనే శాలువా కప్పాను. శాలువా ఒకవైపుకి జారిపోతుంటే బాబాయి తల వంచి, "కానీయమ్మా, అందరూ చూస్తుండారు" అన్నాడు. మా స్టాఫు చప్పట్లు కొట్టారు. మావాళ్ళు తప్ప ఎవరూ కొట్టలేదు.

తిరుగుదారిలో అమ్మాయి నా పక్కన కూర్చుంది. అల్లుడు బస్సులో వెళ్తానని అక్కడే ఆగిపోయాడు. ఊరు దాటాక ఆ పిల్ల నన్ను అడిగింది, "మేడమ్, మా నాన్నను వాళ్ళ ఇళ్ళకు పంపేది ఎవరు?"

"కోర్టు" అన్నాను.

అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల అడిగింది ఒక మనిషి గురించి. ఆ మనిషి పక్కనే, కిటికీలోంచి మిర్చి కల్లాలు చూస్తూ కూర్చుని ఉంది. ముందు సీట్లో బాబాయి వెనక్కి తిరగలేదు. ఆ శాలువా అప్పటికే మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

నాకు ఆ రాత్రి నుంచి అన్నం సయించలేదు. తప్పు నాది, వాళ్ళ ముందు నువ్వు మోశావు అని ఆయనకు చెప్పాలి. అమ్మాయికి ఫోను చేసి నిజం చెబుతానని కూడా చెప్పాలి. వాయిదాల కోర్టులో పనిచేసే మనిషిని కదా, రేపూ ఎల్లుండీ అంటూ చాలా రోజులు గడిపి, ఒక ఆదివారం పొద్దున సన్మానం ఫోటో ఫ్రేము కట్టించుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం ముందు బాబాయి చెప్పులున్నాయి. లోపల దగ్గు వినిపించింది, ఆ దగ్గు ఎవరిదో నాకు తెలుసు. పిన్ని వచ్చి తలుపు సగమే తీసింది. నన్ను చూసి లోపలికి తిరిగి చూసింది, మళ్ళీ నావైపు చూసింది.

"ఆయన ఇంట్లో లేరమ్మా" అంది.

అమీనా గుమ్మంలో నిలబడితే పల్నాడులో ఏ ఇంట్లోనైనా వినిపించే మాట అది.

"ఎప్పుడొస్తారు పిన్నీ?"

"తెలవదమ్మా. ఊరెళ్ళారు."

పిన్నికి అబద్ధం చెప్పడం చేతకాదు, ముఖమంతా చెమట పట్టింది. ఆవిణ్ణి ఇంకా అక్కడ నిలబెట్టడం పాపమనిపించింది. మళ్ళీ వస్తానని చెప్పి, ఫ్రేము చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. నేను వీధి మలుపు తిరిగేదాకా లోపల బాబాయి ఆ దగ్గు ఆపుకుంటూనే ఉన్నాడు.