బేస్ తీసేసిన మధ్యాహ్నం

నేను చేసిన సంగీతంలో అన్నిటికంటే ఎక్కువమంది విన్నది ఒక పియానో ముక్క. మాటలుండవు. పిల్లల పుట్టినరోజు వీడియోల్లో కేకు కోసేటప్పుడు వెనకాల మోగుతుంటుంది. మొన్న మణుగూరులో ఒక ఫంక్షన్‌లో భోజనానికి కూర్చుంటే అదే మొదలైంది. చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేశాను. ఆ ట్యూన్ అంటే నాకు అంత రోత. ఎక్కడా ఆగదు, ఊపిరి తీసుకోదు. నవ్వేదాకా వదలకుండా చక్కిలిగింతలు పెట్టే చుట్టంలా మీద మీద పడుతుంటుంది.

డిగ్రీ చదివే రోజుల్లో ఖమ్మంలో కీబోర్డు నేర్చుకున్నాను. ఆ కీబోర్డు ఎర్రుపాలెంలో మా అమ్మ వాళ్లింట్లోనే ఉండిపోయింది. పెళ్లయి మణుగూరు వచ్చాక నాకు మిగిలింది ఒక ట్యాబ్. మా ఆయన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. మా క్వార్టర్ కాలనీలో చివరి వరుస. వెనక గోడ దాటితే టేకు చెట్లు, వాటి వెనక గనిలోంచి తోడిపోసిన మట్టి గుట్టలు. కిటికీ మూసినా తెరిచినా నల్ల దుమ్ము వస్తూనే ఉంటుంది.

ట్యాబ్ తెర మీద పియానో మెట్లు నా వేలి వెడల్పు కూడా ఉండవు. కాబట్టి వాయించడం కుదరదు. గళ్ల కాగితంలో చుక్కలు పెట్టినట్టు ఒక్కో స్వరాన్నీ వేలితో పెట్టుకుంటూ పోవాలి. పాప పెరుగన్నం చేత్తో తెరను తడిమేది. దాని మీద దుమ్ము పడేది. తుడిస్తే బూడిదరంగు జిగురు అయ్యేది. ఆ జిగురులో వేలు జారి స్వరం పక్క గడిలో పడేది. పులిసిన పాల వాసన కొట్టే ఆ తెర మీద, పులిసిన ముఖం పెట్టుకుని, నేను ఆనందం తయారు చేసేదాన్ని.

పుట్టినరోజు వీడియోలకు ఆ ట్యూన్ చేసిపెట్టమని అడిగింది మణుగూరులో ఒక ఫొటో స్టూడియో అతను. మొదటిసారి పంపినప్పుడు ఫోన్ చేశాడు.

"మంచిగుంది మేడం. గానీ జోష్ లేదు. కేక్ కోస్తుంటే ఇంట్ల ఎవరో పోయినట్టున్నది."

వేగం పెంచి పంపాను.

"గిప్పుడు జర నయం. ఇంకొంచెం ఎక్కియ్యుండ్రి మేడం. ఇంటుంటే పిల్లలు ఎగరాలె."

ఎగరాలె. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అప్పటికి మా పాపకు ఏడాది దాటి చాలా కాలమైంది. 'అమ్మ' అనలేదు. 'అత్త', 'తాత' ఏదీ లేదు. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి తిరిగేది, ఎక్కువసార్లు తిరిగేది కాదు. పాపకు వినిపించడం లేదేమోనని నా భయం. ఆ భయం ఇంట్లో ఎవరికీ లేదు. కారణం బ్లాస్టింగ్.

గనిలో మధ్యాహ్నం పూట బండ పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి నేల అదురుతుంది, వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి, కిటికీ అద్దాలు వణుకుతాయి. పాప ఉలిక్కిపడి పెదవి విరిచి ఏడ్చేది. ములకలపల్లి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మా అత్తమ్మకు అదే సాక్ష్యం.

"సూసినవా? గంత దూరంల పేలితే గిక్కడ ఉలికిపడ్డది. గిదానికి ఇనబడకపోవుడేంది? మా ఇంట్ల అందరం మాటలు లేటే. వీళ్ల నాయన నాలుగేండ్లకు గదా నోరు తెరిచిండు."

"ఇప్పుడు మూస్తలేడు" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వుతూనే వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చి పాప చెవుల్లో చుక్కలు వేసింది. వద్దంటే వినలేదు. దిండు, దుప్పటి, పాప మెడ, నా రవికె భుజం అన్నీ ఆ వాసనే. కూరలో వెల్లుల్లి వేయడం మానేశాను.

ఇంటికి ఎవరొచ్చినా నా భయం సంగతి అత్తమ్మ చెప్పేది. వాళ్లు పాప వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టేవాళ్లు. అదొక ఆట. పక్క క్వార్టర్ ఆమె అయితే స్టీలు పళ్లెం, గరిటె పట్టుకునే వచ్చింది. పాప వెనక నేల మీద పళ్లెం పెట్టి గట్టిగా కొట్టింది. పాప తిరిగింది.

"ఇగో, తిరిగింది గదనే! చదువుకున్నోళ్లకు అనుమానాలు ఎక్కువ."

అలా తిరిగిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచొచ్చేది. తెల్లారేసరికి ఆ ఊరట ఎండిపోయిన ఎంగిలి కంచంలా కనిపించేది. మళ్లీ ఎవరైనా వచ్చి చప్పట్లు కొడితే బాగుండునని ఎదురుచూసే నన్ను చూసి నాకే అసహ్యం వేసేది.

నా దగ్గరా ఒక సాక్ష్యం ఉండేది. దాన్ని ఎవరికీ చూపించకుండా దాచుకున్నాను. మా ఆయన పాత హోం థియేటర్‌లో బేస్ మోగే ఊఫర్ డబ్బా ఒకటి నేల మీద ఉంటుంది. మిక్సింగ్ చేసేటప్పుడు ట్యాబ్‌ను ఆ హోం థియేటర్‌కు కలిపి వినేదాన్ని. నా ట్యూన్ మొదలవగానే పాప పాక్కుంటూ వచ్చి, ఆ డబ్బాకు వీపు ఆనించి కూర్చుని ఎగిరేది. తాళానికి సరిగ్గా ఎగిరేది. వినిపించని పిల్ల పాటకు ఎలా ఎగురుతుంది? అందుకే ఆ రోత ట్యూన్‌ను నేను రోజంతా పెట్టేదాన్ని.

ఒకరోజు స్టూడియో అతను మళ్లీ ఫోన్ చేశాడు. "మేడం, హాల్ల పెద్ద స్పీకర్లు గదా, బేస్ గుంయ్‌మంటుంది. జల్దీ తగ్గించి పంపుండ్రి, సాయంత్రం ఫంక్షన్ ఉన్నది."

పియానోలో ఎడమచేతితో వాయించే బరువు స్వరాలను, అంటే బేస్‌ను, నేను వేరే ట్రాక్‌లో పెట్టుకున్నాను. ఎంత తగ్గించాలో తేల్చుకోవడానికి ముందు ఆ ట్రాక్‌ను పూర్తిగా ఆపేశాను. కుడిచేతి సన్న స్వరాల పరుగు మాత్రం మిగిలింది, గాజు గోళీలు మెట్ల మీద దొర్లినట్టు.

పాప ఎగరడం ఆపేసింది.

విసుగొచ్చిందనుకున్నాను. ఎడమచేతి ట్రాక్ మళ్లీ కలిపాను. ఎగిరింది. ఆపాను. ఆగింది. వెనక్కి తిరిగి డబ్బా వైపు చూసి, అరచేత్తో దాన్ని కొట్టింది. బేస్ లేకుండానే సౌండ్ పెంచాను. ఇంకా పెంచాను. ఆ కిలకిల గోడలకు తగిలి తిరిగి వస్తోంది. అత్తమ్మ వంటింట్లోంచి చెవులు మూసుకుని వచ్చింది.

"ఏందే గది! చెవులు పగులుతున్నయ్, బంద్ జెయ్!"

పాప సీసా మూతను నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. దాని ముఖంలో పాట లేదు.

బంద్ చేశాను. అంతలో గని సైరన్ మోగింది. అత్తమ్మ అలవాటు ప్రకారం వంటింట్లోకి పోయి గిన్నెల స్టాండు పట్టుకుంది. నేను అలవాటు ప్రకారం ట్యాబ్‌ను ఒళ్లోకి తీసుకున్నాను. బయట దండెం మీద బట్టలు తీస్తున్న పక్కింటామె కూడా లోపలికి వెళ్లడం కిటికీలోంచి కనిపించింది. సైరన్‌కు కదలనిది పాప ఒక్కతే. మూత చప్పరిస్తూనే ఉంది. తర్వాత నేల అదిరింది. ఉలిక్కిపడి ఏడ్చింది.

"సూసినవా..." అని అత్తమ్మ మొదలుపెట్టింది.

"అత్తమ్మా, సైరన్‌కు?" అన్నాను.

ఆమె గిన్నెల స్టాండును వదలలేదు. నేల అదరడం ఆగిపోయినా పట్టుకునే నిలబడింది.

డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనకు ముందు నోటితో చెప్పాను. "నీకు అనుమానం బాగ ముదిరింది" అన్నాడు. "సరే, జర కూర్చోండి" అని ట్యాబ్ తీశాను. ఎడమచేయి కలిపాను, తీశాను. కలిపాను, తీశాను. పాప ఎగిరింది, ఆగింది. ఎగిరింది, ఆగింది. అతను లేచి పెరట్లోకి వెళ్లి, అప్పుడే కడుక్కుని వచ్చిన కాళ్లను మళ్లీ చాలాసేపు కడిగాడు.

భద్రాచలం దవాఖానాలో చూసి ఖమ్మం పొమ్మన్నారు. ఖమ్మంలో పాపను నిద్రపుచ్చి, నుదుటికీ చెవుల వెనకా వైర్లు అతికించారు. పరీక్ష అయ్యాక డాక్టరమ్మ నేరుగానే చెప్పింది.

"బరువు శబ్దాలు కొంత అందుతున్నయమ్మా. సన్నటివి అందుతలేవు. మీరు మాట్లాడేదాంట్ల చాలావరకు పాపకు చేరుతలేదు. రెండు చెవులకు మిషన్లు పెట్టాలె, మాట నేర్పియ్యాలె. ఆలస్యం మాత్రం చెయ్యకుండ్రి."

తిరిగి వచ్చే బస్సులో అత్తమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని, కొంగుతో దాని చెవుల్లోని నూనె జిడ్డును తుడుస్తూనే ఉంది.

ఇంటికి చేరాక పక్కింటామె సలహా ఇచ్చింది. "ఆడపిల్ల గదా, ఎవ్వరికి చెప్పకు. జుట్టు పెంచి, మిషన్ కనబడకుంట కప్పు." పళ్లెం కొట్టిన చేత్తోనే నా భుజం తట్టింది. ఆ చెయ్యి తీసేసి ఇంట్లోకి వచ్చాను. స్టూడియో అతని ఫోన్ ఎత్తడం మానేశాను. అతని తప్పేమీ లేదు. కానీ 'ఎగరాలె' అనే గొంతు మళ్లీ వినలేను.

మిషన్ల కొలతకు పాప చెవుల అచ్చులు తీసుకున్నారు. మిషన్లు ఇంకా రాలేదు. ఈలోగా నిన్న మధ్యాహ్నం ట్యాబ్ తుడిచి, ఆ ట్యూన్‌ను మళ్లీ తెరిచాను. కుడిచేతి స్వరాలన్నిటినీ ఒకేసారి పట్టుకుని కిందికి లాగాను. ఇంకా కిందికి, పియానోలో అన్నిటికంటే బరువుగా మోగే చివరి మెట్లదాకా. ఊఫర్‌కు కలిపి పెట్టాను. ఇంతకుముందు అది నాకు రోత పుట్టించిన పాటే. ఇప్పుడైతే పాట కూడా కాదు, బురదలో బండి దిగబడినట్టు ఒక గురగుర. స్వరానికీ స్వరానికీ తేడా తెలియదు. నేర్పిన మాస్టారు వింటే నన్ను గదిలోంచి పంపేసేవాడు.

పాప గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. డబ్బాకు వీపు ఆనించలేదు. ఈసారి చెంప ఆనించింది. తర్వాత మోకాళ్లు వంచి ఎగరడం మొదలుపెట్టింది. ఎడమచేతి తాళానికి కాదు. కుడిచేతి పరుగుకు, ఇన్నాళ్లూ తనకు అందని ఆ పరుగుకు.

అత్తమ్మ వంటింటి గడపలో నిలబడింది.

"ఏం పాటనే గిది? బర్రె ఈనుతున్నట్టున్నది."

"అవ్" అని ఆపేశాను. నిజంగానే వినలేకపోతున్నాను.

పాప డబ్బాను అరచేత్తో కొట్టింది. మళ్లీ కొట్టింది. నా వైపు చూసింది.

"ఆపినవేందే? అది అడుగుతలేదా?" అంది అత్తమ్మ. వచ్చి పాప పక్కన నేల మీద కూలబడి, తన చెయ్యి కూడా డబ్బా మీద పెట్టింది. "మల్ల పెట్టు."

పెట్టాను. పళ్లు బిగపట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా పెట్టాను.